వినుకొండ రోడ్డులో ఐసు రింగు

నరసరావుపేట దాటీ దాటగానే, వినుకొండ పోయే రోడ్డులో ఎడమ పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. గోడలకేసిన నీలం రంగు వెలిసిపోయింది. ముందున్న బోర్డులో సగం అక్షరాలు ఎప్పుడో రాలిపోయాయి. ఐసు రింగు అనేవాళ్ళు దాన్ని. పొద్దుగూకిందంటే ఆ ముందు నుంచి నడిచిపోయే మనిషి ఉండేవాడు కాదు. బండి మీద పోయేవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి మాటలాపేసి, తల తిప్పకుండా దాటేసేవాళ్ళు.

ఆ చోటికి చెడ్డపేరు కొత్తగా వచ్చింది కాదు.

మొదట్లో అది ఐసు ఫ్యాక్టరీ. సాగర్ కాలవలు కొత్తగా పారుతున్న రోజుల్లో బసవపున్నయ్య అనే ఆసామి కట్టించాడు. మనిషి పొడుగు ఐసు దిమ్మలు రంపపు పొట్టులో పొర్లించి, గోనె పట్టాలు చుట్టి, రిక్షాల మీద పంపేవాళ్ళు. సోడా కొట్లకి పోయేవి, పెళ్ళిళ్ళకి పోయేవి, చేపల బుట్టల్లోకి పోయేవి... చావు ఇళ్ళకీ పోయేవి. ఈ ఎండల్లో, దూరాన ఉన్న బంధువులు వచ్చి కడసారి చూసుకునేదాకా శవాన్ని ఉంచాలంటే ఐసు దిమ్మే దిక్కు. చీకటి పడ్డాక ఎవరైనా ఫ్యాక్టరీ తలుపు తడితే ఎన్ని దిమ్మలని అడిగేవాళ్ళే గానీ, ఎందుకని అడిగేవాళ్ళు కాదంట.

ఒక ఎండాకాలం ఘాట్ రోడ్డు మలుపులో బస్సు బోల్తా పడింది. పోయినవాళ్ళని ఉంచే చోటు చాలక కొందరిని తెచ్చి ఆ ఫ్యాక్టరీలోనే, దిమ్మల మధ్య పడుకోబెట్టారు. అందరి కోసం మనుషులు వచ్చారు గానీ, ఒకామె కోసం మాత్రం ఎవరూ రాలేదంటారు. అప్పటి నుంచీ ఏదో ఒక మాట నడుస్తూనే ఉంది.

ఇళ్ళల్లోకి ఫ్రిజ్జులొచ్చాక ఫ్యాక్టరీ మూతపడింది. బసవపున్నయ్య మనవడు ప్రదీప్ చదువుకోవడానికి సిటీకి పోయి, అక్కడ గడ్డకట్టిన నీళ్ళ మీద బూట్లేసుకుని జారే ఆట చూసొచ్చాడు. తాత వదిలిపెట్టిన షెడ్డుంది. పల్నాడులో ఎండకి కొదవ లేదు. ఇంకేం కావాలనుకున్నాడు. నేల మీద గొట్టాలు పరిపించి, నీళ్ళు పోసి గడ్డ కట్టించి, చుట్టూ నడుమెత్తున చెక్కగోడ పెట్టించాడు.

జనం విరగబడ్డారు. మాచర్ల నుంచి, గురజాల నుంచి, వినుకొండ నుంచి బస్సులెక్కి వచ్చేవాళ్ళు. రెంటచింతల వాళ్ళయితే బూట్లు కూడా అడిగేవాళ్ళు కాదు — టిక్కెట్టు కొనుక్కుని, బెంచీ మీద కూర్చుని, మధ్యాహ్నమంతా చలికి ముడుచుకుని, చల్లబడ్డాక ఇంటిదారి పట్టేవాళ్ళు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల పిల్లలు స్వెట్టర్లేసుకుని తిరిగేవాళ్ళు.

రెండు వేసవులు నడిచింది. ఆ తర్వాత కరోనా వచ్చింది. తలుపులకి తాళాలు పడ్డాయి, కరెంటు తీసేశారు. లోపలి ఐసంతా కరిగి, గుమ్మం కింద నుంచి రోడ్డు దాకా రోజుల తరబడి నీళ్ళు కారాయి. ఆ తాళాలు మళ్ళీ తియ్యలేదు.

తియ్యని తాళాల వెనక... ఎవరో తిరుగుతున్న చప్పుడు మొదలైంది.

ముందుగా చూసింది మన్సూర్. రైలుగేటు దగ్గర అతనికి టీ కొట్టుంది. ఒక రాత్రి కొట్టు కట్టేసి వస్తుంటే షెడ్డు పక్కన బండి ఆగిపోయింది. కిక్కు కొడుతూ ఉన్నాడు... లోపలి నుంచి చప్పుడు. సర్ర్... ఆగి, మళ్ళీ సర్ర్... రేకు చిరిగిన చోట కన్ను పెట్టి చూశాడు. రోడ్డు మీద లారీ పోతే దాని వెలుగు లోపలికి పడింది. ఆ వెలుగులో — ఒక ఆడపిల్ల. నేల మీద ఐసు లేదు, ఏమీ లేదు. అయినా జారుకుంటా గుండ్రంగా తిరుగుతోంది. ఒక చెయ్యి పక్కకి చాచి ఉంది, ఎవరినో పట్టుకున్నట్టు. పక్కన చూస్తే... ఎవరూ లేరు.

మన్సూర్ బండి అక్కడే వదిలేసి పరుగెత్తాడు. జ్వరంతో మంచం పట్టాడు. లేచేసరికి ఊరంతా ఆ ఆడపిల్లకి పేరు కూడా పెట్టేసింది.

వెంకట్రామయ్య గారి అమ్మాయి శ్రీదివ్య... అన్నారు.

ఈ మాట చిట్టచివరికి చేరింది ఆ పిల్ల తల్లి ప్రమీలమ్మకి.

వెంకట్రామయ్యకి గురజాల దగ్గర పొలాలు, ఊళ్ళో పెత్తనం. కూతురి చదువు కోసం నరసరావుపేటలో ఇల్లు తీసుకుని భార్యనీ పిల్లనీ అక్కడుంచాడు. ఐసు రింగు తెరిచిన కొత్తలో శ్రీదివ్య ఇంటరు చదువుతోంది. దాని ఈడుదే, అదే వీధి పిల్ల హిమజ. ఇద్దరూ కాలేజీ వదలగానే రింగుకి పోయేవాళ్ళు. దివ్యకి భయం తెలీదు. హిమజకి అడుగడుగునా భయమే. దివ్య చెయ్యి పట్టుకుంటే తప్ప చెక్కగోడ వదిలేది కాదు. ప్రమీలమ్మ శాలువా కప్పుకుని బెంచీ మీద కూర్చుని, ఇద్దరూ చేతులు పట్టుకుని తన ముందు నుంచి దూసుకుపోతుంటే గుండె చేత్తో పట్టుకుని చూసేది.

రింగు మూతపడిన మరుసటేడు, వానలప్పుడు, ఇద్దరికీ ఒకే వారంలో డెంగీ జ్వరం వచ్చింది. ఒకే ఆస్పత్రిలో, పక్కపక్క మంచాల మీద ఉన్నారు. హిమజ ఇంటికొచ్చింది. దివ్య రాలేదు.

ఆ తర్వాత హిమజ చాలాసార్లు ఆ గుమ్మం ముందుకొచ్చింది. ప్రమీలమ్మ లోపలి గదిలో పడుకుని, నిద్రపోతున్నానని చెప్పించేది. కొన్నాళ్ళకి ఆ పిల్ల రావడం మానేసింది. వాళ్ళు ఇల్లు కూడా మారి ఊరికి అటు చివరకి వెళ్ళారు.

వెంకట్రామయ్య ఊరికి వచ్చెయ్యమన్నాడు. ప్రమీలమ్మ పోలేదు. ఆ ఇంటి డాబా ఎక్కితే ఐసు రింగు రేకులు కనపడేవి. అందుకని పోలేదు. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు, అతనూ అడగలేదు. వారానికోసారి వచ్చి, బియ్యం, కూరగాయలు దింపి, కాసేపు టీవీ చూసి పోయేవాడు. కూతురు పోయిన దగ్గర్నుంచి ఆ పేరు ఎత్తితే ఒట్టు.

అట్లాంటి ఇంట్లో, పోయిన వేసవిలో ఒక సాయంత్రం, పక్కింటి రాజేశ్వరి మల్లెపూలు తెచ్చి ఇచ్చి వెళ్ళబోతూ ఆగింది. చాలాసేపు నసిగింది. ఎవరో చెప్పగా వినడం కంటే నా నోటితో చెప్పడమే మేలని చెప్తన్నానక్కా అంటూ మొదలుపెట్టి, మన్సూర్ చూసింది మొత్తం చెప్పేసింది.

ప్రమీలమ్మ ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని రాజేశ్వరి భయపడింది. ఆమె రెండూ చెయ్యలేదు. పూలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నెమ్మదిగా అడిగింది.

"జడేసుకుని ఉందా... జుట్టు వదులుకుందా?"

రాజేశ్వరి వచ్చి పక్కన కూర్చుంది.

"చిక్కిపోయిందా? మన్సూర్ ఏమన్నా చెప్పాడా?"

అప్పుడు రాజేశ్వరి అసలు సంగతి కూడా చెప్పక తప్పలేదు. ప్రదీప్ ఆ షెడ్డు అమ్మేస్తున్నాడు. కొనేవాళ్ళు అక్కడ ఫంక్షన్ హాలు కడతారంట. ముందు ఆ దెయ్యం సంగతి తేల్చమని పట్టుబట్టారంట. కృష్ణ అవతల నుంచి ఒక మంత్రగాడు ఆదివారం వస్తున్నాడు. నాలుగు మూలలా మేకులు కొట్టి, తిరిగేదాన్ని సీసాలో బిగించి, తీసుకుపొయ్యి కృష్ణలో వదిలేస్తాడంట.

రాజేశ్వరి వెళ్ళిపోయాక చీకటి పడింది. ప్రమీలమ్మ లైటు వెయ్యలేదు. ఎవరికైతే దెయ్యమో వాళ్ళు భయపడతారు. ఆమెకది బిడ్డ. ఇన్నాళ్ళూ పిలుపు దూరంలో తిరుగుతుంటే తను తలుపులేసుకుని పడుకుంది. ఇప్పుడు ఎవడో వచ్చి మేకులు కొడతాడు... సీసాలో పెడతాడు...

మొగుడికి ఫోన్ చేసింది. విన్నాడు. దెయ్యాలేంది, చదువుకోని మాటలు, తలుపేసుకుని పడుకో అన్నాడు. ఫోన్ పెట్టెయ్యలేదు. చాలాసేపు అటు నుంచి ఊపిరి మాత్రమే వినపడింది. తర్వాత, "అన్నం తిన్నావా?" అని అడిగాడు. తిన్నానని అబద్ధం చెప్పింది.

శనివారం. ఎండ తగ్గినా వేడి తగ్గలేదు. గోడలు ఇంకా పొగలు కక్కుతున్నట్టే ఉన్నాయి. వీధిలో అందరూ అన్నాలకి కూర్చునే వేళ చూసి ప్రమీలమ్మ బయల్దేరింది. బీరువాలోంచి దివ్య స్వెట్టరు తీసి సంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలీదు. అక్కడికి పోయేటప్పుడు స్వెట్టరు తీసుకుపోవడం అలవాటు... అంతే.

రోడ్డు మీద ఒకటీ అరా లారీలు. ఎవరూ ఆమెని చూడలేదు, చూసినా పోల్చుకోలేదు. షెడ్డు ముందుకొచ్చింది. ముందు తలుపుకి తాళం తుప్పు పట్టి ఉంది. గోడ వెంబడే వెనక్కి పోయింది. ముళ్ళకంప చీర పట్టుకుంది, విడిపించుకుంది. వెనక చిన్న తలుపు... దగ్గరగా వేసుంది. తాళం లేదు.

చెయ్యి ఆనించి నిలబడింది.

లోపల — చప్పుడు.

సర్ర్... సర్ర్...

ఆమెకి తెలిసిన చప్పుడు అది కాదు. ఐసు మీద ఇనుము జారితే పట్టుచీర చింపినట్టుంటుంది. ఇది గరుగ్గా ఉంది, నేలని గీరుతున్నట్టు. ఆ తేడా ఆమె చెవికి తెలుస్తూనే ఉంది. మనసు ఒప్పుకోలేదు. ఐసు లేదు కదా పాపం, ఇంకెట్లా వస్తుంది ఆ చప్పుడు... అనుకుంది.

తలుపు తోసింది. కిర్రుమనలేదు. రోజూ తీస్తున్న తలుపులా తెరుచుకుంది.

లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. రేకుల కింద గాలి ఆడక ఉడికిపోతోంది. తడుముకుంటూ పోతే చెయ్యి చెక్కగోడకి తగిలింది. దాని పక్కనే బెంచీ, తను కూర్చునే బెంచీ. దుమ్ము దులపకుండానే కూర్చుంది. చప్పుడు దూరమయింది... మళ్ళీ దగ్గరకొచ్చింది... ఆమె ముందు నుంచి వేడిగాలి విసిరినట్టు ఒకటి పోయింది. కొబ్బరినూనె వాసన.

సంచిలో స్వెట్టరుని రెండు చేతులా పట్టుకుంది. పిలవాలనుకుంది. పిలిస్తే మాయమైపోతుందేమో. పిలవకపోతే... రేపు ఆదివారం.

రోడ్డు మీద లారీ ఒకటి మలుపు తిరిగింది. రేకుల చిల్లుల్లోంచి వెలుగు లోపలికి పడి, నేల మీద గీతలు గీతలుగా పాకింది.

కనపడింది.

సన్నగా ఉంది. వీపు మీద ఒంటిజడ. ఒళ్ళు ముందుకి వంచి, ఎటూ చూడకుండా, కళ్ళు మూసుకున్నట్టు తిరుగుతోంది. ఒక చెయ్యి పక్కకి చాచి ఉంది. వేళ్ళు దేన్నో చుట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

వెలుగు పోయింది.

"దివ్యా..."

గొంతులోంచి గాలే వచ్చింది. అంత చీకట్లో, ఆ గాలే ఆ హాలంతా వినపడింది. చప్పుడు ఆగింది. ఏదో తడబడింది, దబ్బున పడింది. ఆ తర్వాత — నిశ్శబ్దం. చెక్కగోడకి అవతల ఎవరో వణుకుతూ ఊపిరి పీలుస్తున్నారు.

ప్రమీలమ్మ లేచి నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. చాచి ఉన్నది ఎడమ చెయ్యి. ఆ జంటలో దివ్య ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండేది. తన కుడిచేత్తో స్నేహితురాలి ఎడమచెయ్యి పట్టుకునేది. ఎడమ చెయ్యి చాచేది...

దివ్య కాదు.

ఆ ఊళ్ళో అందరూ అక్కడ దెయ్యం ఉందని భయపడ్డారు. అది దెయ్యం కాదని తెలిసి కుప్పకూలింది ప్రమీలమ్మ ఒక్కతే.

ఫోను లైటు వెలిగింది. హిమజ. మోకాలి చిప్ప చెక్కుకుపోయి రక్తం కారుతోంది. కాళ్ళకి చక్రాల బూట్లు. లైటు ప్రమీలమ్మ మొహం మీద పడగానే ఆ పిల్ల, "పెద్దమ్మా" అంది. ఇంకేమీ అనలేక లైటు కిందికి దించేసింది.

ప్రమీలమ్మ చెక్కగోడ పట్టుకుని లేచింది.

తర్వాత హిమజే ఒక్కొక్క ముక్కగా చెప్పుకొచ్చింది. బస్టాండు దగ్గర మందుల షాపులో పనిచేస్తోంది. షాపు కట్టేశాక, ఇంటికి పోయే ముందు, స్కూటీ ముళ్ళకంప వెనక పెట్టి ఇక్కడికొస్తుంది. వెనక తలుపు తాళం ఎవరో ఎప్పుడో పగలగొట్టి ఉంది. ఇక్కడ తప్ప ఇంకెక్కడా దివ్య గురించి తలుచుకోవడానికి చోటు లేదంది. ఇంట్లో ఆ పేరెత్తితే అమ్మ భయపడుతుంది — నువ్వు బతికి బయటపడ్డావు, ఇంక ఆ సంగతి వదిలెయ్యమంటుంది. దెయ్యమని ఊళ్ళో అనుకుంటున్నారని తెలుసు. తెలిసీ ఊరుకుంది. భయపడి ఎవరూ లోపలికి రాకపోతే అదే చాలనుకుంది.

"చెయ్యి ఎందుకు చాచావే అట్టా?" అంది ప్రమీలమ్మ.

"చాపకపోతే పడిపోతా పెద్దమ్మా."

ప్రమీలమ్మ చెక్కగోడ దాటి వచ్చి, ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. సంచిలోంచి స్వెట్టరు తీసి, దాని అంచుతో మోకాలి మీద రక్తం అద్దింది. ఆ స్వెట్టరు ఎవరిదో హిమజ వెంటనే గుర్తుపట్టింది. అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు బయటికొచ్చింది.

"నేను బతికినందుకు మీకు కోపం అనుకున్నా."

"కోపం కాదే పిచ్చిదానా." ప్రమీలమ్మ స్వెట్టరు మడత పెట్టింది. "నిన్ను చూస్తే, అదిప్పుడు ఎట్టా ఉండేదో తెలిసిపోద్ది. చూడలేకపొయ్యా."

మరునాడు మంత్రగాడు రాలేదు. తెల్లారేసరికి ప్రమీలమ్మ ప్రదీప్ ఇంటికి పోయి, ఆ తిరిగేది ఎవరో, ఎందుకు తిరుగుతుందో అతనొక్కడికే చెప్పింది. ప్రదీప్ తల వంచుకుని విన్నాడు. ఆ రింగు మీద అతనికున్న ఆశ కూడా చిన్నదేం కాదు. మంత్రగాణ్ణి వద్దని చెప్పేశాడు. వానలు మొదలయ్యేదాకా షెడ్డు పడగొట్టనియ్యనన్నాడు. వెనక తలుపు జోలికి ఎవరూ పోకుండా చూశాడు.

అప్పటి నుంచి రాత్రిళ్ళు ప్రమీలమ్మ బెంచీ మీద కూర్చునేది. హిమజ తిరిగేది. ఒక ఆదివారం వెంకట్రామయ్య కూడా వచ్చాడు. లోపలికి రాలేదు. వెనక తలుపు దగ్గర నిలబడి, చప్పుడు కాసేపు విని, కండువాతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. వానలు రాగానే షెడ్డు పడగొట్టారు. దెయ్యం లేదూ ఏమీ లేదు, మందుల షాపు పిల్ల చక్రాల బూట్లేసుకుని తిరిగేదంట అని ఊళ్ళో తెలిసి, మన్సూర్ని చూసి అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కథ అక్కడికి అయిపోయిందనుకున్నారు.

కానీ ఆ శనివారం రాత్రి సంగతి ఒకటి ప్రమీలమ్మ ఎవరికీ చెప్పలేదు. షెడ్డు పడగొట్టాక, చాన్నాళ్ళకి, రాజేశ్వరికి ఒక్కదానికే చెప్పింది.

ఆ రాత్రి ఏడుపులైపోయి ఇద్దరూ లేచారు. హిమజ బూట్లు విప్పేసి, చెప్పులేసుకుని, తలుపు దాకా వచ్చి ఆగింది.

"పెద్దమ్మా... నాకే అట్టా అనిపిస్తందో ఏందో తెలవదు. ఒకసారి నా చేతులు పట్టుకోండి."

ప్రమీలమ్మ కుడిచెయ్యి పట్టుకుంది. చెమటతో జారిపోతోంది. మే నెల ఉక్కకి కాలిపోతోంది.

ఎడమచెయ్యి పట్టుకుంది...

ఐసు.

వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. అరచెయ్యి తెల్లగా పాలిపోయి ఉంది. మణికట్టు దాటితే మళ్ళీ మామూలు ఒళ్ళు, వేడి ఒళ్ళు. చెయ్యి మాత్రమే, ఎవరైనా పట్టుకుంటే ఎంత మేరకి పట్టుకుంటారో... అంత మేరకే.

"రోజూ అంతే పెద్దమ్మా," అంది హిమజ, గుసగుసగా. "ఇల్లు చేరేలోపు తగ్గిపోద్ది."

కూతురి శవాన్ని చల్లటి అద్దాల పెట్టెలో పెట్టినప్పుడు ఆ చెయ్యి తాకనివ్వలేదు ఎవరూ. ఇప్పుడు ప్రమీలమ్మ ఈ చేతిని రెండు చేతులా పొదివి పట్టుకుంది. బుగ్గకి ఆనించుకుంది. అట్లా ఎంతసేపు నిలబడిందో...

తన చేతుల వేడి తగిలి, ఆ చల్లదనం కొద్దికొద్దిగా కరిగిపోతున్నట్టు తెలిసింది.

గబుక్కున వదిలేసింది.